సముద్రం దాటింది, గోడ దగ్గర ఆగింది

చెన్నై నుంచి అండమాన్‌కు కడలి అడుగున తీగ వచ్చింది. అయినా జంగ్లీఘాట్‌లో ఒక ఇంటి కంప్యూటర్‌కు డౌన్‌లోడ్ నత్తనడకే. తప్పు ఎక్కడుందో గది గదీ వెతకాల్సి వచ్చింది.

చలికాలం సాయంత్రం ఐదున్నరకే జంగ్లీఘాట్‌లో దీపాలు వెలుగుతాయి. దేశమంతటికీ ఒకే గడియారం కావడంతో బంగాళాఖాతానికి తూర్పు కొసన ఉన్న ఈ ఊళ్లో పొద్దు ముందే వాలిపోతుంది. రేవులో పడవలు కట్టేసి ఉంటాయి. ఐసు పెట్టెలు మోసే కుర్రాళ్లు ఒకరినొకరు కేకేసుకునేది తెలుగులోనే. అదీ సోంపేట, ఇచ్ఛాపురం వైపు యాసలో. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల జనాభా దాదాపు 3.8 లక్షలు. తెలుగును మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి 13 మంది.

రాజధాని పేరు 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ నుంచి శ్రీ విజయపురంగా మారింది. రేవు నుంచి పైకెక్కే ఒక సందులో ముందు గదిని ఐసు, వల సామగ్రి అమ్మే దుకాణంగా మార్చుకున్న ఇల్లు ఉంది. వెనక రెండు గదులు. చివరి గదిలో పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ముందు పన్నెండో తరగతి చదివే అమ్మాయి కూర్చుంది. విశాఖపట్నంలోని ఒక కోచింగ్ కేంద్రం పంపే వీడియో పాఠాలతో ఆమె నీట్‌కు చదువుతోంది. ఆ రోజు పాఠం 1.5 జీబీ. మర్నాడు పొద్దున్నకల్లా దాన్ని తీసేస్తారు. తెర మీద గీత 42 నిమిషాలు మిగిలిందని చూపిస్తుంది, కాసేపటికి గంట అంటుంది, మరి కాసేపటికి ఏమీ అనకుండా ఆగిపోతుంది.

"ఏటే, ఇంకా అవనేదా?" అని నాయనమ్మ గుమ్మంలోంచి అడుగుతుంది. తండ్రి లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండానే జవాబిస్తాడు: "ఇక్కడ నెట్టు ఇంతేనమ్మా."

ఆ మాట వెనక పెద్ద లెక్కే ఉంది. నెట్టు ఇంతే అయితే పిల్లను విశాఖలో హాస్టల్లో పెట్టాలి. ఓడలో రెండున్నర, మూడు రోజుల దూరం. ఫీజు, హాస్టల్, రానూపోనూ ఖర్చులు. దానికోసం రెండో పడవ కొనే ఆలోచన మానుకోవాలి. అమ్మాయికి వెళ్లాలని లేదు, ఇక్కడే ఉంటే చదువు సాగుతుందని గట్టిగా చెప్పడానికి ధైర్యమూ లేదు. డౌన్‌లోడ్ గీత ఎంత వేగంగా కదులుతుందన్న దాని మీద ఒక కుటుంబం నిర్ణయం ఆధారపడి ఉంది.

ఆకాశం మీదుగా

నిజానికి "ఇక్కడ నెట్టు ఇంతే" అన్న మాట ఊరికే పుట్టింది కాదు. దీవులకూ మిగతా దేశానికీ మధ్య ఫోనుకైనా, ఇంటర్నెట్‌కైనా చాలాకాలం ఉపగ్రహమే దారి. 2016లో కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం ఆ దారిలో ద్వీపాలన్నిటికీ కలిపి దొరికేది 1 జీబీపీఎస్. అప్పటి జనాభాకు పంచితే మనిషికి సుమారు 2.6 కేబీపీఎస్. పాత డయలప్ మోడెం గరిష్ఠ వేగం 56 కేబీపీఎస్. అందరూ ఒకేసారి నెట్ తెరిస్తే ఒక్కొక్కరికి అందులో ఇరవయ్యో వంతు కూడా రాదన్నమాట. బ్యాంకు, ఆసుపత్రి, కలెక్టరేట్, హోటల్, విద్యార్థి అందరూ ఆ ఒక్క కుళాయి కిందే బిందె పెట్టాలి.

ఇరుకు ఒక్కటే కాదు, దూరమూ సమస్యే. భూమితో సమంగా తిరిగే ఉపగ్రహం భూమధ్యరేఖకు దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను. అడిగినదానికి జవాబు తిరిగి రావాలంటే అర సెకను. వినడానికి తక్కువే. కానీ డౌన్‌లోడ్ అనేది ఒక్క విసురులో జరిగే పని కాదు.

దీన్ని ఈ ఊరివాళ్లకు చెప్పడం తేలిక. ఓడలో సరుకు వస్తుంది. ఇక్కడ దించుకున్నట్టు రశీదు వెళితేగాని అవతలివాడు తర్వాతి సరుకు ఎక్కించడు. ఓడ ఎంత వేగంగా నడిచినా, రశీదు కోసం కాచుకునే సమయం పోదు. ఇంటర్నెట్‌లోనూ అంతే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటి కంప్యూటర్లు మామూలు అమరికలో ఒక విడతకు మహా అయితే 64 కిలోబైట్లు తీసుకుని రశీదు పంపేవి. అర సెకనుకో విడత అనుకుంటే సెకనుకు 128 కిలోబైట్లు. దారి ఖాళీగా ఉన్నా ఒక డౌన్‌లోడ్ ఇంచుమించు 1 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయేది. విడత పరిమాణాన్ని దూరాన్ని బట్టి తనంతట తానే పెంచుకునే పద్ధతి ఆ తర్వాతి విండోస్‌లలోగాని రాలేదు.

పైగా వాన. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. జోరువానలో ఉపగ్రహ సంకేతం నీరసిస్తుంది. మార్చిలో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరోసారి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వస్తాడు. అప్పుడు కొన్ని రోజుల పాటు కొన్నేసి నిమిషాలు సూర్యుడి రొదలో సంకేతం మునిగిపోతుంది. ఇలాంటి చోట నెట్ నెమ్మదిస్తే ఇంట్లో ఎవరూ కంప్యూటర్ విప్పి చూడరు. ఆకాశం వంక చూసి ఊరుకుంటారు. తరం తర్వాత తరానికి అదే అలవాటైంది.

చిత్రమేమిటంటే తీగలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. చెన్నై నుంచి సింగపూర్‌కు ఐ2ఐ అనే సముద్రగర్భ తీగ 2002లోనే వేశారు. బంగాళాఖాతం దాటి సింగపూర్ వైపు వెళ్లే ఏ తీగకైనా ఈ ద్వీపమాలను ఎక్కడో ఒకచోట దాటుకుని పోవడం తప్పదు. దేశంలో సాఫ్ట్‌వేర్ వ్యాపారం ఆ దారుల మీద పెరిగింది. దీవులు మాత్రం ఆకాశంకేసి చూస్తూనే ఉండిపోయాయి. జనం తక్కువైన చోటికి వ్యాపారం కోసం తీగ వేసేవాళ్లు రారు. ప్రభుత్వం పూనుకోవాల్సిందే.

ఆ ఒంటరితనం ఎంత ప్రమాదమో 2004 డిసెంబరు 26న తేలింది. సునామీ నికోబార్‌ను ఊడ్చేసినప్పుడు మనుషులతో పాటు కబురూ తెగిపోయింది. ఎవరు బతికున్నారో, ఎవరికి ఏం కావాలో తెలుసుకోవడమే మొదటి పని అయింది. రాజధానికి దగ్గర్లోని సిప్పీఘాట్‌లో నేల కుంగి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది. దీవుల్లో కబురు దారి అనేది సినిమాలు దించుకోవడానికే కాదని అప్పుడు అందరికీ అర్థమైంది.

అడుగున తీగ

అయినా తీగకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం దొరికింది 2016 సెప్టెంబరులో. శంకుస్థాపన 2018 డిసెంబరు 30న. ప్రారంభం 2020 ఆగస్టు 10న. దాదాపు 2,300 కిలోమీటర్ల తీగ. ఖర్చు సుమారు 1,224 కోట్ల రూపాయలు. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు. చెన్నై, పోర్ట్‌బ్లెయిర్ మధ్య మోయగలిగింది 400 జీబీపీఎస్ దాకా. అంటే 2016 నాటి లెక్కకు 400 రెట్లు.

లోతు సముద్రంలో ఇలాంటి తీగ తోటకు నీళ్లు పెట్టే గొట్టం లావే ఉంటుంది. లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగులు. గాజులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై దాకా దారి రెండు వేల కిలోమీటర్లే అనుకున్నా అది సెకనులో వందో వంతు ప్రయాణం. వానకు తడవదు. సూర్యుడు అడ్డురాడు. ఓడల లంగర్లు, భూకంపాలు మాత్రం దానికి శత్రువులు. 2006 డిసెంబరు 26న, సునామీకి సరిగ్గా రెండేళ్లకు, తైవాన్ దగ్గర భూకంపం వచ్చి అనేక తీగలు తెగాయి. తూర్పు ఆసియా నెట్ కుంటుపడింది. 2008 జనవరి చివర మధ్యధరా సముద్రంలో తెగిన తీగలు మన దేశంలోనూ వేగాన్ని దెబ్బతీశాయి. అండమాన్ అయితే భూకంపాల రేఖ మీదే ఉంది. అయినా మామూలు రోజున రాజధానికీ చెన్నైకీ మధ్య ఇక సముద్రం అడ్డు కాదు.

మరి జంగ్లీఘాట్‌లో 1.5 జీబీ పాఠానికి గంట ఎందుకు పడుతోంది?

ఇంటి దాకా

జవాబు వెతికింది అదే సందులో ఉండే ఒక కుర్రాడు. దుకాణాలకు సీసీ కెమెరాలు బిగిస్తాడు. చేతిలో ఒక ల్యాప్‌టాప్, రెండు తీగలు, పకడ్బందీగా చుట్టిన స్క్రూడ్రైవర్ల సంచి. చీకటి పడ్డాక వచ్చాడు. అతను మొదట ముట్టుకున్నది కంప్యూటర్‌ను కాదు, నెల బిల్లును.

"మావా, ఇది 50 ఎంబీపీఎస్ ప్లాను. నువ్వు సెకనుకు 50 ఎంబీ వస్తాదనుకుంటున్నావు. అది బిట్లు, ఇది బైట్లు."

చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే మొదలవుతుంది. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి. కంప్యూటర్ డౌన్‌లోడ్‌ను బైట్లలో చూపిస్తుంది. 8 బిట్లకు ఒక బైటు. కాబట్టి 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకు మహా అయితే 6.25 మెగాబైట్లు. దారి ఖర్చులు పోగా అంతకన్నా కొంచెం తక్కువే వస్తుంది. ఆ ఇంట్లో కనిపిస్తున్నది 0.6. అంటే లెక్క సరిచేసుకున్నాక కూడా రావాల్సినదాంట్లో పదో వంతే. ఫిర్యాదు న్యాయమైనదే. వాడకం పరిమితి దాటితే కొన్ని ప్లాన్లలో వేగం తగ్గించేస్తారు. గారాచర్మలో ఒక ఇంట్లో నెలాఖరున నెట్ మందగించడానికి కారణం అదే. ఈ ఇంట్లో అదీ కాదు. పరిమితిలో సగం మిగిలే ఉంది.

రెండో మెట్టు దారిని ముక్కలు చేయడం. దుకాణంలో ఉన్న రౌటర్‌కు అతను తన ల్యాప్‌టాప్‌ను నేరుగా తీగతో కలిపాడు. వైఫై ఆపేశాడు. వేగం పరీక్షిస్తే 47 వచ్చింది. పంపిన పిలుపుకు చెన్నై నుంచి జవాబు సెకనులో కొన్ని వందో వంతుల్లోనే తిరిగొచ్చింది. ఉపగ్రహం మీదుగా అయితే అర సెకనుకు తక్కువ కావడం సాధ్యం కాదు. తండ్రి ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. సముద్రం మీద మోపిన నేరం ఆ ఒక్క పరీక్షతో కొట్టుకుపోయింది. చెన్నై నుంచి దుకాణం గోడ దాకా అంతా సవ్యంగానే ఉంది. తప్పు ఆ గోడకూ చివరి గదికీ మధ్య, పట్టుమని పది గజాల్లో ఉంది.

ఇదే పరీక్ష అన్ని ఇళ్లలో ఇలాగే తేలదు. అబెర్డీన్ బజార్‌లో ఒక లాడ్జిలో తీగ కలిపినా వేగం రాలేదు. అక్కడ వీధి నుంచి వచ్చే గాజు తీగను షట్టర్ పక్కన మేకు చుట్టూ బిగించి తిప్పారు. గాజు పోగును మరీ వంచితే కాంతి పక్కకు కారిపోతుంది. ఇంట్లో పెట్టే పెట్టెకు అందే కాంతి బలాన్ని డీబీఎం లెక్కలో చూడవచ్చు. మైనస్ 20 అయితే నిశ్చింత. మైనస్ 27 దాటితే పోతూ వస్తూ ఉంటుంది. అసలే అందకపోతే పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. అక్కడ కంప్యూటర్‌ను ఎంత సరిచేసినా లాభం లేదు, తీగ సరిచేసేవాణ్ని పిలవాల్సిందే. అదే లాడ్జిలో మరో చిక్కు. గోడలో వేసిన నెట్‌వర్క్ తీగలో నాలుగు జతల రాగి తంతులు ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి. ఉప్పుగాలికి కొసలోని ఒక పిన్ను చిలుము పడితే మిగిలిన జతల మీద 100 ఎంబీపీఎస్‌కు దిగిపోతుంది. 200 ప్లానుకు డబ్బు కట్టి వంద లోపే అందుకుంటున్న సంగతి యజమానికి తెలియనే లేదు. అరిగిపోయిన కొస మార్చడానికి పట్టింది కొద్ది నిమిషాలే.

తెర వెనక

జంగ్లీఘాట్ ఇంట్లో కుర్రాడు ల్యాప్‌టాప్‌తో గది గదీ నడిచాడు. దుకాణంలో వైఫై మీద 41. మధ్య గదిలో 22. చివరి గదిలో 14. అదే గదిలో డెస్క్‌టాప్‌కు అందుతున్నది 5. అంటే దొంగలు ఇద్దరు. ఒకడు దారిలో ఉన్నాడు, రెండోవాడు కంప్యూటర్ దగ్గరే.

దారిలోని దొంగ ఆ ఇంటి జీవనాధారమే. రౌటర్‌ను దుకాణంలో డీప్‌ఫ్రీజర్ వెనక అలమరలో పెట్టారు, ఎవరి చెయ్యీ తగలకుండా. ఫ్రీజర్ నిండా ఐసు, చేపలు. దాని వెనక రేకుల అడ్డుగోడ. రేడియో తరంగాలను లోహం వెనక్కి కొడుతుంది. నీరు, తడి ఉన్నదేదైనా మింగేస్తుంది. ఇటుక గోడ కొంత పోనిస్తుంది, రేకు పోనివ్వదు. రేకు గోడలు, రేకు కప్పులు మామూలైన ఈ దీవుల్లో ఇలాంటి కథ ఎన్నో ఇళ్లలో దొరుకుతుంది.

రెండో దొంగ డెస్క్‌టాప్ వెనక ఉన్నాడు. వైఫై కోసం పెట్టిన చిన్న డాంగిల్‌ను క్యాబినెట్ వెనక రంధ్రంలో గుచ్చారు. ముందు ఇనుప పెట్టె, వెనక గోడ. పైగా అది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే అందుకునే పాత రకం. ఆ పౌనఃపున్యంలో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు మూడే: 1, 6, 11. కుర్రాడు చూస్తే ఇరుగుపొరుగు రౌటర్లు పదికి పైగా కనిపించాయి, వాటిలో ఎక్కువ 6 మీదే. సందులో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి మాటా వినపడనట్టు, ఒక్కో రౌటర్ మిగతావి ఆగేదాకా కాచుకోవాలి. సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఆ రద్దీ మరీ ఎక్కువ. మైక్రోవేవ్ పొయ్యి కూడా అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది. కూర వేడి చేసినంతసేపూ వైఫై వణుకుతుంది.

రౌటర్‌ను అలమరలోంచి తీసి మధ్య గది గుమ్మం పైన బల్ల మీద పెట్టారు. చానెల్ 11కు మార్చారు. డాంగిల్‌ను ఒక మూర పొడవు తీగతో బల్ల మీదికి తెచ్చారు. డెస్క్‌టాప్ 24కు ఎక్కింది. అమ్మాయి ముఖం విప్పారింది. రెండు నిమిషాల్లో మళ్లీ 7కు పడిపోయింది.

ఈసారి కుర్రాడు కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కాడు. ఏ పని ఎంత నెట్ వాడుతోందో, డిస్కు ఎంత బిజీగా ఉందో చూపే పట్టిక అది. డిస్కు తీరిగ్గానే ఉంది. నేపథ్యంలో విండోస్ అప్‌డేట్ ఒకటి దిగుతోంది. దాన్ని ఆపినా పెద్ద తేడా లేదు. రౌటర్ పేజీ తెరిస్తే అసలు సంగతి బయటపడింది. దుకాణంలో చార్జింగ్ పెట్టిన తండ్రి ఫోను, రోజంతా తీసిన చేపల ఫోటోలు, వీడియోలు అన్నిటినీ క్లౌడ్‌కు ఎక్కిస్తోంది.

ఎక్కించడానికీ దించుకోవడానికీ సంబంధమేమిటని తండ్రి అడిగాడు. జవాబు మళ్లీ ఆ రశీదులోనే ఉంది. డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కూడా అందినట్టు రశీదులు బయటికి పోవాలి. బయటికి పోయే దారి నిండా వీడియోలు ఉంటే రశీదులు వరసలో ఇరుక్కుంటాయి. రశీదు రాకపోతే అవతలివాడు సరుకు పంపడు. ఫోనులో ఆ పని రాత్రి ఒంటిగంట తర్వాతే జరిగేలా మార్చారు. ఏ ఉపగ్రహమూ లేకుండానే ఆ ఇల్లు ఉపగ్రహ కాలపు జబ్బును తనకు తానే తెచ్చిపెట్టుకుందన్నమాట.

చివరికి కుర్రాడు వైఫైనే వదిలేయమన్నాడు. ఎక్కడికీ కదలని కంప్యూటర్‌కు గాలిలో దారెందుకు? ఇరవై మీటర్ల కొత్త తీగను కిటికీ పైగా, రేకు గోడ అంచు వెంట లాగి డెస్క్‌టాప్‌కు కలిపాడు. ఎలుకలు కొరకకుండా పాత నీళ్ల గొట్టంలో దూర్చాడు. తెర మీద సెకనుకు 5.7 మెగాబైట్లు. గంట అన్న పాఠం నాలుగున్నర నిమిషాల్లో దిగింది.

వెళ్తూ అతను ఒక హెచ్చరిక చేశాడు. "చెల్లీ, వేగం పరీక్షలో 47 వచ్చినా ఒక్కోసారి పాఠం మెల్లగా దిగుతాది. అప్పుడు తప్పు ఆళ్ల సర్వర్‌ది. పొద్దున్నే లేచి చూసుకో." పరీక్ష చేసేది దగ్గరి కేంద్రంతో. పాఠం వచ్చేది మరెక్కడి నుంచో. అక్కడ వందల మంది ఒకేసారి అడిగితే ఇక్కడ ఏ తీగ మార్చినా ఫలితం ఉండదు. ఎక్కడి తప్పో తెలిస్తే అనవసరంగా రౌటర్ కొనే ఖర్చైనా తప్పుతుంది.

ఇంకా ఉన్న సముద్రం

ఈ కథను దీవులన్నిటికీ చెప్పలేం. సముద్రగర్భ తీగ దిగింది రాజధాని కాక ఏడు చోట్లే. మనుషులున్న మిగతా దీవులకు, అడవికి అవతలి పల్లెలకు ఆ ఏడు చోట్ల నుంచి మరో దారి కావాలి. అది మైక్రోవేవ్ స్తంభమో, రోడ్డు వెంట తీగో, లేదా మళ్లీ ఉపగ్రహమో. అక్కడ "ఇక్కడ నెట్టు ఇంతే" అన్న మాట ఇంకా నిజం కావచ్చు. అలాంటి చోట ఇంట్లో రౌటర్ జరపమని చెప్పడం వేళాకోళం అవుతుంది.

దేశం తనకు తాను పెట్టుకున్న కొలతా మారుతూ వచ్చింది. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్. 2013లో 512. 2023లో 2 ఎంబీపీఎస్. ఎవరికైనా అంతకన్నా తక్కువ అందితే అది బ్రాడ్‌బ్యాండ్ కాదని ప్రభుత్వమే చెప్పినట్టు. కానీ ఆ కొలతతో ఫిర్యాదు చేయాలంటే ముందు పౌరుడు కొలవాలి. ఎక్కడ కొలిచాడో చెప్పాలి. రౌటర్ దగ్గర తీగ కలిపి, రోజులో మూడు వేళల్లో, మూడు రోజుల అంకెలు రాసిపెట్టుకున్నవాడి ఫిర్యాదును కొట్టిపారేయడం కష్టం. "నెట్ స్లో" అన్నవాడికి రౌటర్ ఆపి మళ్లీ వేయమన్న సలహా ఒక్కటే దక్కుతుంది.

ద్వీపాల్లో ఇది ఇంకా ముఖ్యం. ప్రధాన భూభాగం తమను మరిచిందన్న బాధ ఇక్కడ ఎప్పుడూ ఉన్నదే, దానికి కారణాలూ ఉన్నాయి. ఆ బాధ అలవాటైతే రెండు నష్టాలు. నిజంగా దూరం వల్ల జరిగే అన్యాయం, ఇంట్లో ఫ్రీజర్ వల్ల జరిగే ఆలస్యం ఒకే మాట కింద కలిసిపోతాయి. తన చేతిలో ఉన్నదాన్ని మనిషి సరిచేసుకోడు. సర్కారు చేతిలో ఉన్నదాన్ని గట్టిగా అడగడు.

రాత్రి తొమ్మిదింటికి జంగ్లీఘాట్ సందు సద్దుమణిగింది. ఇంట్లో పాఠం నడుస్తోంది, తెర మీద మాస్టారు విశాఖ నుంచి జీవశాస్త్రం చెబుతున్నాడు. గుమ్మం పైన రౌటర్ మీద ఆకుపచ్చ దీపం మిణుకుమంటోంది. తండ్రి హాస్టల్ సంగతి ఎత్తలేదు, రెండో పడవ సంగతీ ఎత్తలేదు. నాయనమ్మ వచ్చి నిలబడింది.

"అయిపోనాదా?"

"అయిపోయింది నాయనమ్మా. ఇప్పుడు చదవాలి."

విశాఖకు వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. మంచి మాస్టారు, తోటి పిల్లలు, పరీక్ష భయం, ఇవన్నీ చూసుకుని ఆ ఇల్లు తేల్చుకోవాల్సిన విషయం అది. ఒక డీప్‌ఫ్రీజర్ వెనక దాగిన రౌటర్ మాత్రం ఇక దాన్ని తేల్చదు.